సోలార్ మీద ఆడియో సెట్ నడపాలంటే ఏ ఇన్వర్టర్ కొనాలి

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. మొదటిసారి సోలార్ పెట్టుకున్నప్పుడు ఇన్వర్టర్ డబ్బా మీద 1000 వాట్లు అని ఉంది, నా ఆంప్లిఫయర్ వెనక 300 వాట్లు అని ఉంది, మూడింతలు ఉంది కదా ఇంకేం కావాలి అని కొనేశాను. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే పాట కంటే ముందు ఆంప్ పొట్టలోంచి గుయ్యిమని ఒకటే రొద, తేనెతుట్టె కదిపినట్టు. స్పీకర్ వైర్లు పీకేసి చూశాను, అయినా ఆగలేదు. అంటే శబ్దం స్పీకర్లోంచి రావట్లేదు, ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మరే వణుకుతోంది. అరగంటకి పై రేకు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆ ఇన్వర్టర్ పాడైంది కాదు, మోసమూ కాదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ‘మాడిఫైడ్ సైన్ వేవ్’ అని రాసే ఉంది. చదవనిది నేను.

అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను, ఆడియో కోసం ఇన్వర్టర్ కొనేటప్పుడు అందరూ మొదట చూసే వాట్ల అంకెను చివర చూడండి. దానికంటే ముందు చూడాల్సినవి కరెంటు తరంగం ఆకారం, ఒక్కసారిగా లాగినప్పుడు తట్టుకునే శక్తి, ఊరికే ఉన్నప్పుడు తినే కరెంటు, ఎర్త్ సంగతి. ఇవన్నీ కుదిరాక వాట్ల లెక్క పెద్ద కష్టం కాదు.

అసలు ఇన్వర్టర్ అవసరమా

ఇన్వర్టర్ గురించి రాస్తూ ఇలా అడగడం వింతగా ఉండొచ్చు కానీ ముందు ఇదే తేల్చుకోండి. ప్యానెల్ ఇచ్చేది డీసీ, బ్యాటరీలో ఉండేది డీసీ, ఆంప్ లోపలి సర్క్యూట్‌కి చివరికి కావాల్సిందీ డీసీయే. మధ్యలో దాన్ని 230 వోల్టుల ఏసీగా మార్చి, ఆంప్ లోపల మళ్ళీ డీసీ చేసుకోవడమంటే తల వెనక నుంచి చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టే. మీ దగ్గరున్నది కారు ఆంప్ అయినా, 12 లేదా 24 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న క్లాస్ డి ఆంప్ అయినా, దాన్ని ఫ్యూజ్ పెట్టి బ్యాటరీకే నేరుగా కలిపేయొచ్చు. అప్పుడు ఇన్వర్టర్ తినే పది పదిహేను శాతం మిగులుతుంది, దాని ఫ్యాను గోల కూడా ఉండదు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. 12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ ఛార్జ్ అవుతున్నప్పుడు అది 14.4 దాకా వెళ్తుంది, దిగిపోయేటప్పుడు 11కి వస్తుంది. కచ్చితంగా 12 వోల్టులే కావాలనే మిక్సర్‌ని నేరుగా తగిలిస్తే అది ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం, కాబట్టి మధ్యలో డీసీ నుంచి డీసీకి మార్చే కన్వర్టర్ పెట్టాలి. రెండో చిక్కు అదే బ్యాటరీ మీద ఇన్వర్టర్ కూడా నడుస్తున్నప్పుడు వస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి కరెంటును సాఫీగా తీసుకోదు, 50 హెర్ట్జ్ ఏసీ తయారుచేస్తూ సెకనుకు 100 సార్లు గుటకలు వేసినట్టు లాగుతుంది. ఆ గుటకలకి బ్యాటరీ వోల్టేజీ కూడా సన్నగా ఊగుతుంది, పక్కనే నేరుగా కలిపిన ఆడియో సామానులో అది 100 హెర్ట్జ్ హమ్‌గా వినపడుతుంది. అలాంటప్పుడు ఐసొలేటెడ్ రకం కన్వర్టరే తీసుకోండి. మామూలు కన్వర్టర్‌కి లోపలి నెగెటివ్, బయటి నెగెటివ్ రెండూ ఒకటే, దాంతో హమ్ పూర్తిగా పోదు.

గోడ ప్లగ్గుకి పెట్టే యాక్టివ్ స్పీకర్లు (ఆంప్ లోపలే ఉన్నవి), పెద్ద ఆంప్, టర్న్‌టేబుల్, మిక్సర్ ఇవన్నీ ఉన్నవాళ్ళకి ఇన్వర్టర్ తప్పదు. ఇక్కడినుంచి మిగిలినదంతా వాళ్ళకోసం.

తరంగం సంగతి

ప్యూర్ సైన్ వేవ్ అంటే కరెంటు ఆఫీసు నుంచి వచ్చే కరెంటులాగే నున్నగా పైకెక్కి కిందికి దిగే తరంగం. మాడిఫైడ్ సైన్ వేవ్ అనే పేరులో సైన్ అని ఉంది గానీ, నిజానికి అది స్క్వేర్ వేవే, మధ్యలో కాసేపు సున్నా దగ్గర ఆగుతుంది, అంతే తేడా. గోడలాగా నిటారుగా లేచి, కాసేపు అలాగే ఉండి, దబ్బున పడుతుంది. ఆ నిటారు అంచుల వల్లే 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 అలా పైపైకి హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. మన చెవి 50 హెర్ట్జ్‌ని అంతగా పట్టించుకోదు గానీ 250, 350 దగ్గర బాగా చురుకు, అందుకే మామూలు కరెంటు మీద వినపడీ వినపడనట్టుండే ట్రాన్స్‌ఫార్మర్ మాడిఫైడ్ వేవ్ మీద గుయ్యిమని అరుస్తుంది.

అరుపుతో ఆగితే భరించొచ్చు. పాత పద్ధతి ఆంప్‌లో, అంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదాంట్లో, లోపలి కెపాసిటర్లు తరంగపు శిఖరం దాకా ఛార్జ్ అవుతాయి. 230 వోల్టుల సైన్ వేవ్‌కి ఆ శిఖరం 325 వోల్టులు. చవక మాడిఫైడ్ ఇన్వర్టర్లు సగటు లెక్కలో 230 ఉండేట్టు చూస్తాయి గానీ శిఖరాన్ని గాలికి వదిలేస్తాయి, బ్యాటరీ తగ్గేకొద్దీ శిఖరం కిందికి వచ్చి తరంగం వెడల్పవుతుంది. మీటర్ పెడితే 230 బాగానే చూపిస్తుంది, ఆంప్ లోపల మాత్రం అందాల్సిన వోల్టేజీ అందదు, వాల్యూమ్ పెంచితే బాస్ చిరిగిపోయినట్టు వినపడుతుంది. ‘ఇన్వర్టర్ మీద పెడితే పాట డల్‌గా ఉంది’ అని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి, చాలాసార్లు కారణం ఇదే.

లాప్‌టాప్ అడాప్టర్ లాంటి ఎస్‌ఎంపీఎస్ సప్లయిలు మాడిఫైడ్ వేవ్ మీద కూడా నడిచేస్తాయి, ఎందుకంటే వచ్చిన ఏసీని మొదటే డీసీ చేసుకుంటాయి. అలాగని ధైర్యం చేయొద్దు. యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్, అంటే తాము లాగే కరెంటును తరంగానికి తగ్గట్టు సర్దుకునే ఏర్పాటు, ఉన్న సప్లయిలు సైన్ వేవ్ వస్తుందనే లెక్కతో పనిచేస్తాయి, మెట్ల తరంగం ఇస్తే గొణుగుతాయి, కొన్ని ఆగిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో వోల్టేజీ దించుకునే చవక సప్లయిలైతే ఇంకా ప్రమాదం, తరంగంలో ఎంత పై ఫ్రీక్వెన్సీ ఉంటే కెపాసిటర్ గుండా అంత ఎక్కువ కరెంటు పారుతుంది, చివరికి కాలిపోతాయి.

టర్న్‌టేబుల్ ఉన్నవాళ్ళకి ఒక మాట. సింక్రోనస్ మోటారు రకమైతే ప్లేటు తిరిగే వేగం కరెంటు ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడుతుంది. మంచి ఇన్వర్టర్లలో ఫ్రీక్వెన్సీని క్రిస్టల్ పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆ విషయంలో చిన్న జనరేటర్ కంటే చాలా నయం. కానీ కొన్నిటికి 50, 60 మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, అది పొరపాటున 60 మీద ఉంటే 33⅓ మీద తిరగాల్సిన రికార్డు 40 మీద తిరుగుతుంది, పాడేవాళ్ళంతా చిన్నపిల్లలైపోతారు. ఒకసారి నవ్వుకోవడానికి బాగుంటుంది.

కాబట్టి ప్యూర్ సైన్ తప్ప వేరేది వద్దు, ఇందులో బేరం లేదు. డబ్బా మీద ‘సైన్ వేవ్’ అని మాత్రమే ఉంటే నమ్మకుండా స్పెసిఫికేషన్ కాగితంలో టీహెచ్‌డీ, అంటే తరంగం అసలు సైన్ ఆకారం నుంచి ఎంత చెడిందో చెప్పే అంకె, ఎంతో చూడండి. 3 శాతం కంటే తక్కువ అని ఉంటే మంచిదే. మాడిఫైడ్ వాటికి అది 30 శాతం దాటుతుంది, అందుకే ఆ అంకె అసలు వేయరు. వేయలేదంటేనే అర్థం చేసుకోవాలి. ఇంకో తిరకాసు, ఆ 3 శాతం సాధారణంగా ‘లీనియర్ లోడు’ మీద కొలిచింది, అంటే హీటరో ఫిలమెంట్ బల్బో పెట్టి. ఆంప్ లీనియర్ లోడు కాదు, తరంగం శిఖరం దగ్గర మాత్రమే గబుక్కున కరెంటు లాగి మిగతా సమయమంతా ఊరుకుంటుంది. చిన్న ఇన్వర్టర్ అలా లాగినప్పుడు తట్టుకోలేక శిఖరాన్ని నొక్కేసి చదును చేస్తుంది. స్పెక్ కాగితంలో ‘క్రెస్ట్ ఫ్యాక్టర్ 3:1’ (సగటు కంటే శిఖరం దగ్గర ఎన్నింతలు లాగినా తట్టుకుంటుందో) అని కనపడితే తయారుచేసినవాడు ఇలాంటి లోడు గురించి ఆలోచించాడని అర్థం.

ఎన్ని వాట్లు

ఆంప్ మీద రాసిన అంకెతో లెక్క కట్టకండి. అది ఆ ఆంప్ ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి కావచ్చు, ఫ్యూజ్ లెక్క కావచ్చు, అమ్ముకోవడానికి రాసిన గొప్ప కావచ్చు. పాట అనేది హీటర్ లాంటి లోడు కాదు, డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడు ఒక్క క్షణం పైకి లేస్తుంది, మిగతా సమయం దాంట్లో పదో వంతు కూడా ఉండదు. అందుకే పెద్ద ఆంప్‌ల కాగితాల్లో 1/8 పవర్ దగ్గర ఎంత కరెంటు తీసుకుంటుందో విడిగా రాస్తారు, మామూలు పాటల వాడకానికి ఆ అంకె దగ్గరగా ఉంటుంది. గంటల తరబడి బాస్ దంచే ప్రోగ్రాములకైతే 1/3 పవర్ అంకె చూసుకోవాలి. ఇంట్లో వినేవాళ్ళకి ఇదీ ఎక్కువే. 88 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్ శబ్దం వస్తుంది, అది పక్కగదిలోవాళ్ళు తగ్గించమనేంత. అంటే మీరు వింటున్నది ఒకటి రెండు వాట్లు, కరెంటులో ఎక్కువ భాగం ఆంప్ ఊరికే వెలిగి ఉండడానికే పోతోంది.

ఇక్కడే ఆంప్ రకం ముఖ్యం. క్లాస్ డి పూర్తి వాల్యూమ్ మీద 85 నుంచి 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది, ఊరికే ఉన్నప్పుడు బహు కొద్దిగా తింటుంది. క్లాస్ ఏబీ గట్టిగా వాయించినప్పుడు 60 శాతం దాకా వస్తుంది గానీ మెల్లగా వింటున్నప్పుడు చాలా వరకు వేడి కిందే పోతుంది. క్లాస్ ఏ అయితే పాట ఉన్నా లేకున్నా ఒకేలా తాగుతుంది, 25 వాట్ల స్టీరియో కూడా 100 వాట్లకి పైనే నిరంతరం లాగుతుంది. వాల్వ్ ఆంప్‌లదీ దాదాపు ఇదే దారి, ఫిలమెంట్లు ఎర్రగా వెలుగుతూనే ఉండాలి కదా. నాకు వాల్వ్ శబ్దం ఇష్టమే, కానీ బ్యాటరీ మీద రాత్రంతా నడపమంటే మాత్రం దణ్ణం పెడతాను.

అంచనాలు పక్కనపెట్టి ప్లగ్గుకి పెట్టే వాట్ మీటర్ ఒకటి సంపాదించండి, అరువు తెచ్చుకున్నా సరే. ఇంటి కరెంటు మీదే ఉంచి, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో ఎంత చూపిస్తోందో, ఎప్పుడూ పెట్టనంత గట్టిగా పెడితే ఎంతకి ఎగురుతోందో రాసుకోండి. వాట్లతో పాటు వీఏ (వోల్టులు ఇంటూ ఆంపియర్లు) కూడా చూడండి. పాత రకం ఆంప్‌లకి పవర్ ఫ్యాక్టర్, అంటే వాట్లను వీఏతో భాగిస్తే వచ్చేది, 0.6, 0.7 అలా ఉంటుంది కాబట్టి 300 వాట్లు చూపించేది దాదాపు 460 వీఏ లాగుతుంటుంది, ఇన్వర్టర్ మొయ్యాల్సింది ఆ బరువే. చవక మీటర్లు మాడిఫైడ్ వేవ్ మీద తప్పు చూపిస్తాయి, అందుకే కొలత ఇంటి కరెంటు మీద అన్నాను.

అలా వచ్చిన గరిష్ఠ వీఏకి రెట్టింపు నిరంతర సామర్థ్యం ఉన్న ఇన్వర్టర్ నాకైతే సరైన సైజు అనిపిస్తుంది. సబ్‌వూఫర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెద్ద ఆంప్‌లు ఉంటే మూడింతలు. ఎందుకంటే సగం లోడు దాటకపోతే తరంగం శుభ్రంగా ఉంటుంది, చాలావాటిలో ఫ్యాను కూడా తిరగదు.

ఆన్ చేసే క్షణం

టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, అదే గుండ్రంగా గారెలా ఉండేది, ఆన్ చేసిన మొదటి కొన్ని సైకిళ్ళలో మామూలు కంటే పదిరెట్లకు పైగా కరెంటు లాగగలదు. ఇంట్లో లైటు ఒకసారి మిణుక్కుమని సర్దుకుంటుంది. ఇన్వర్టర్ మాత్రం ఓవర్‌లోడ్ అని కేకపెట్టి ఆగిపోతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆగుతుంది. ‘1000 వాట్ల ఇన్వర్టర్ 200 వాట్ల ఆంప్‌ని లేపలేకపోయింది’ అనే ఫిర్యాదుల వెనక కథ ఇదే.

ఇన్వర్టర్లలో రెండు జాతులున్నాయి. లోపల పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉండే లో ఫ్రీక్వెన్సీ రకం, చేత్తో ఎత్తితే నడుం పట్టేస్తుంది. దాని సర్జ్ సామర్థ్యం, అంటే ఒక్కసారిగా లాగితే ఇవ్వగలిగేది, సాధారణంగా రెండు మూడింతలు, అదీ కొన్ని సెకన్ల పాటు. తేలిగ్గా ఉండే హై ఫ్రీక్వెన్సీ రకం కూడా కాగితం మీద రెండింతలు అంటుంది గానీ, అది చాలాసార్లు కంటి రెప్పపాటే. సర్జ్ ఎంతసేపు ఇస్తుందో రాయకపోతే ఆ అంకెను లేనట్టే లెక్కవేయండి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లకి బరువు రకమే నా ఓటు. యాక్టివ్ మానిటర్లు (స్టూడియో స్పీకర్లు), లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మాత్రమే ఉన్న చిన్న స్టూడియోకి తేలిక రకం చాలు. బరువు రకంలో ఒక లోటు, దాని ట్రాన్స్‌ఫార్మర్ కూడా సన్నగా మూలుగుతుంది, మైకు ఉన్న గదిలో పెట్టలేం.

ఉన్న ఇన్వర్టర్‌తోనే సర్దుకోవాలంటే సాఫ్ట్ స్టార్ట్ మాడ్యూల్ ఒకటి ఆంప్‌కి ముందు పెట్టుకోండి, మొదటి సెకనులో కరెంటుని అడ్డుకుని తర్వాత దారి వదిలేస్తుంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్‌తో ఒకేసారి వేయడం మానేయండి. మిక్సర్, ప్లేయర్ ముందు, ఆంప్‌లు ఒక్కొక్కటిగా చివర్న, ఆపేటప్పుడు ఆంప్‌లు ముందు. స్పీకర్లలో ‘టప్’ అనే దెబ్బ కూడా తప్పుతుంది.

బ్యాటరీ, వైర్లు

1000 వాట్లు బయటికి రావాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి నష్టాలతో కలిపి 95 ఆంపియర్ల దాకా పారాలి. అదే 24 అయితే 47, 48 అయితే 24 ఆంపియర్లు. కొన్ని వందల వాట్ల దాకా 12 వోల్టులు పర్లేదు, వెయ్యి దాటితే 24కి వెళ్ళండి, రెండు మూడు వేల వాట్లకి 48 తప్ప ఇంకోటి చూడొద్దు.

ఎందుకంత పట్టింపు అంటే, బాస్ దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆ కరెంటు ఎగురుతుంది, సన్నటి పొడవాటి వైరు ఉంటే అందులోనే అరవోల్టు పోతుంది. 95 ఆంపియర్ల దగ్గర వైరు, లగ్గులు (వైరు చివర బిగించే తొడుగులు), ఫ్యూజ్ అన్నీ కలిపి 5 మిల్లీ ఓములున్నా చాలు, 0.47 వోల్టు పోయినట్టే. బ్యాటరీలో సగం ఛార్జ్ ఉండగానే ఇన్వర్టర్ కీచుమంటూ లో బ్యాటరీ అంటుంది, సరిగ్గా పాట ఊపులో ఉన్నప్పుడు. అందరూ బ్యాటరీని తిడతారు గానీ దోషం వైరుది, వదులుగా ఉన్న లగ్గుది. 12 వోల్టుల మీద 1000 వాట్లంటే మీటరు లోపు పొడవులో 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయండి, బ్యాటరీ ప్లస్ దగ్గరే డీసీకి పనికొచ్చే ఫ్యూజ్ పెట్టండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ షార్ట్ అయితే విపరీతమైన కరెంటు వదులుతుంది, దానికి క్లాస్ టి ఫ్యూజ్ మంచిది. ఇక లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి ఇన్వర్టర్‌ని దాంతో పాటు ఒకే పెట్టెలో మూసి పెట్టొద్దు.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. మీటర్ పెడితే మానిటర్లు, లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, చిన్న మిక్సర్ కలిపి 130 వాట్లు వచ్చాయనుకుందాం. రోజుకి 5 గంటలంటే 650 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది, ఇన్వర్టర్ సొంతంగా తినేది కలిపి ఇంకో 150 వేసుకోండి, మొత్తం 800. 12 వోల్టులు 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1200, సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి మనకి దొరికేది 600, చాలదు. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 12.8 వోల్టుల లెక్కన 1280, 80 శాతం వాడినా 1000 పైన, హాయిగా సరిపోతుంది. మబ్బు రోజు కోసం కాస్త మిగులు కావాలంటే రెండు పెట్టుకోవాలి. ప్యానెల్ సంగతికొస్తే, రోజుకి నాలుగున్నర గంటల పూర్తి ఎండ, నష్టాలు పోను 70 శాతం చేతికొస్తుందనుకుంటే 250 వాట్ల పైన ఉండాలి, 300 అయితే ఊపిరి ఆడుతుంది.

ఊరికే ఉన్నప్పుడు తినే కరెంటు గురించి ఎవరూ అడగరు. స్పెక్ కాగితంలో ‘నో లోడ్’ అని ఉంటుంది. 20 వాట్లు అని ఉంటే రోజంతా వదిలేసినప్పుడు 480 వాట్ అవర్లు, పైన లెక్కలో మీ పాటలు తినేదానికి ఇంచుమించు ముప్పావు వంతు. అందుకే అవసరానికి మించి మరీ పెద్దది కొనడం కూడా తప్పే, పెద్ద ఇన్వర్టర్ ఊరికే ఎక్కువ తింటుంది. పవర్ సేవ్ మోడ్ ఉంది కదా అంటారు, అందులో ఇన్వర్టర్ నిద్రపోతూ లోడు ఏమైనా ఉందా అని కొద్ది క్షణాలకోసారి చిన్న కరెంటు వదిలి చూస్తుంది. చిన్న ఆడియో సామాను దానికి కనపడదు, లేచి పడుకుని లేచి పడుకుని స్పీకర్లలో టప్ టప్‌మనిపిస్తుంది. ఆడియో కోసం ఆ మోడ్ ఆపేసి, పని అయ్యాక చేత్తో ఆఫ్ చేసుకోవడమే మేలు.

ఎర్త్ లేకపోతే వచ్చే తలనొప్పులు

చాలా చిన్న ఇన్వర్టర్లలో రెండు పిన్నులూ గాల్లో తేలుతుంటాయి, ఇది ఫేజ్ ఇది న్యూట్రల్ అని ఉండదు, ఎర్త్‌తో పోల్చితే ఒక్కోటి 115 వోల్టుల దగ్గర ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌ల లోపల నాయిస్ ఆపడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది, ఎర్త్ లేకపోతే అది ఎటూ పోలేక మైకు పెదవికి తగిలినప్పుడు, గిటారు తీగ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. స్పీకర్లలో కూడా సన్నటి రొద.

దీనికి మందు ఎర్త్ కడ్డీ పాతి, ఇన్వర్టర్ బాడీని, ప్లగ్గుల ఎర్త్ పిన్నుని దానికి కలపడం. న్యూట్రల్‌ని ఎర్త్‌తో ఒకేచోట కలిపితేనే ఆర్‌సీడీ సరిగ్గా పనిచేస్తుంది, అదే షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపే బ్రేకర్. అయితే కొన్ని ఇన్వర్టర్లలో అలా కలిపితే లోపల కాలిపోతుంది, కాబట్టి దాని పుస్తకంలో అనుమతిస్తేనే, అదీ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. హమ్ పోతుంది నిజమే, లోపల ఏదైనా వైరు బాడీకి తగిలితే మనిషీ పోతాడు.

ఎర్త్ సరిగ్గా ఉన్నాక కూడా హమ్ ఉంటే గ్రౌండ్ లూప్ అయి ఉండొచ్చు, అంటే లాప్‌టాప్ ఒక దారిలో, మిక్సర్ ఇంకో దారిలో ఎర్త్‌కి కలిసి, ఆడియో కేబుల్ వాటి మధ్య వంతెనైంది. అన్నిటినీ ఒకే బోర్డు నుంచి నడపండి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు (రెండు సిగ్నల్ తీగలతో బయటి రొదను కొట్టేసేవి) వాడండి, లేదా ఆడియో దారిలో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరో, అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉన్న డీఐ బాక్సో పెట్టండి.

రేడియో నాయిస్ వేరే రకం. ఇన్వర్టర్ లోపల, అలాగే ప్యానెళ్ళ ఛార్జ్ కంట్రోలర్ లోపల ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి, పొడవాటి ప్యానెల్ వైర్లు దానికి ఏంటెనాలవుతాయి. ప్లస్, మైనస్ వైర్లను విడివిడిగా కాకుండా కలిపి మెలిపెట్టి తేండి, ఫెర్రైట్ రింగులు తొడగండి, ఆడియో కేబుళ్ళను కరెంటు వైర్ల పక్కన పరుగెత్తించకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఇంటికి గ్రిడ్ కరెంటు కూడా ఉంటే

బ్యాటరీ లేని గ్రిడ్ టై సోలార్ (ఇంటి కరెంటు లైనుకే కలిసి నడిచేది) ఉన్నవాళ్ళు చాలామంది కరెంటు పోయినా ఎండ ఉంది కదా అనుకుంటారు. లైను మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా ఆ ఇన్వర్టర్ గ్రిడ్ పోగానే తనూ ఆగిపోతుంది, అది లోపం కాదు, అలా ఉండాలి. పాట ఆగకూడదంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం కావాలి, అందులోనూ గ్రిడ్ నుంచి బ్యాటరీకి మారే సమయం చూడండి. చాలావాటిలో రెండు సెట్టింగులుంటాయి, మామూలు సామానుకి 20 మిల్లీసెకన్లు, యూపీఎస్ మోడ్‌లో 10. రికార్డింగ్ చేసే కంప్యూటర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లోనే ఉంచండి.

కొనేముందు పరీక్ష

వీలైతే మీ ఆంప్ తీసుకెళ్ళండి, వీలుకాకపోతే ఒక చిన్న ఏఎం రేడియో చాలు. రేడియోని స్టేషన్ లేని చోట పెట్టి ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆన్ చేశాక ఎంత దూరం దాకా గరగరలాడుతుందో వినండి. ఏ ఇన్వర్టర్ అయినా ఆనుకుని పెడితే అరుస్తుంది, రెండు మీటర్ల అవతల కూడా అరుస్తుంటే వద్దు. ఆంప్ ఉంటే పాట పెట్టకుండా వాల్యూమ్ పూర్తిగా తిప్పి స్పీకర్ దగ్గర చెవి పెట్టండి, ఆ తర్వాత అదే ఆంప్‌ని ఇంటి కరెంటు మీద వినండి. తేడానే మీరు కొంటున్నది. ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో కూడా అడగండి, ఆన్ చేయగానే హోరుమని తిరిగేవి కొన్నున్నాయి, లోడు, వేడి చూసి తిరిగేవి కొన్ని. నిశ్శబ్దంగా వినేవాళ్ళకి ఈ ఒక్క తేడాకే మోడల్ మార్చుకున్నా తప్పులేదు.

బిగించాక రొద వస్తే తొందరపడి ఇన్వర్టర్‌ని వెనక్కివ్వకండి. ముందు స్పీకర్ వైర్లు తీసి చూడండి, అప్పుడూ వస్తే ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు. ఆగిపోతే స్పీకర్ వైర్లు మళ్ళీ పెట్టి, ఆడియో కేబుళ్ళన్నీ పీకి ఆంప్‌ని ఒంటరిగా వినండి, శుభ్రంగా ఉంటే ఒక్కొక్క కేబులే పెడుతూ వెళ్ళండి, ఏది పెట్టగానే మొదలైందో దొంగ అక్కడే ఉన్నాడు. లాప్‌టాప్ ఛార్జర్ తీసేస్తే ఆగిపోయే రొదలు నేను లెక్కలేనన్ని చూశాను. పగలు వచ్చి రాత్రి పోతే ఇన్వర్టర్‌ది కాదు, ఛార్జ్ కంట్రోలర్‌ది, ప్యానెల్ బ్రేకర్ ఒక్క నిమిషం ఆపి చూస్తే తేలిపోతుంది.

నా పాత మాడిఫైడ్ ఇన్వర్టర్ ఇంకా నా దగ్గరే ఉంది. కేబుళ్ళు అతికేటప్పుడు సాల్డరింగ్ ఐరన్ దాని మీదే పెడతాను. వేడెక్కడమే దాని పని కాబట్టి తరంగం ఎలా ఉన్నా దానికి పట్టదు.